కొంగకు వేసిన బంగారం

మొన్న సికింద్రాబాద్ స్టేషన్లో నన్ను గంగారాం గుర్తుపట్టాడు. నేను పట్టలేదు. బట్టతల, ముందు పళ్ళు రెండు లేవు, ఎవరో ముసలాయన చెయ్యి పట్టుకుంటే బండి టైము అడుగుతున్నాడనుకున్నాను. "మీరు దుబాయ్‌ల మా కంపెనీ స్టోర్ సారు గదా?" అన్నాక తెలిసింది. మెట్‌పల్లి మనిషి, ఆ రోజుల్లో మా క్యాంపులో పదకొండో నంబరు గది. ఇద్దరం టీ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాం. ఎవరున్నారో, ఎవరు పోయారో వరసగా చెప్పుకొచ్చాడు. టీ సగంలో ఉండగా, "రంగులాయన గూడ పోయిండు సారు, బతుకమ్మ ముంగట," అన్నాడు. దాని వెనకాలే ఇంకో మాట చెప్పాడు. అది ఆఖర్న చెబుతాను. ఇప్పుడే చెప్పడానికి నోరు రావడం లేదు.

రంగులాయన అసలు పేరు రాయను. గౌరవం చేత అనుకోకండి. ఆయన వాళ్ళెవరైనా ఇది చదివితే నేను చేసిన పని వాళ్ళకు తెలుస్తుందని భయం. ఇంత వయసొచ్చాక కూడా భయమేమిటంటే, ఏం చెప్పను, నా పుట్టుకే అంత.

డెబ్బైల చివరి సంగతి. నేను నెల్లూరు నుంచి వెళ్ళి, దుబాయ్‌లో డేరా అనే పేట అవతల ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్ క్లర్కుగా కుదిరాను. నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చు గనక నాకు కుర్చీ, ఫ్యాను, కిటికీ. కిటికీ అవతల ఎండలో లైను. ఆ లైనులో ఒకరోజు సన్నగా, పొడుగ్గా, కుడిచేతికి పాత గుడ్డ చుట్టుకున్న ఒకాయన వచ్చి, "నాలుగు డబ్బల తెల్ల సున్నం, రెండు డబ్బల నీలం సున్నం, సారు," అన్నాడు.

"సున్నం కాదు పెద్దాయనా, అది పెయింటు. ఓడలకు వేసేది."

"ఏదైతేంది. కుంచెకు రానిది రంగెట్లయితది?"

నాకు ఒళ్ళు మండింది. డబ్బాలు విసురుగా ముందుకు తోశాను. ఆయన ఒక డబ్బా మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, చెడిపోయిన పప్పును చూసినట్టు చూసి, ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ కంపెనీలో ఉన్నంతకాలం ఆయన నోట పెయింటు అన్న మాట రాలేదు. ఒక్కసారి తప్ప అన్నీ సున్నమే.

నిర్మల్ నకాషీల ఇంట్లో పుట్టిన మనిషి. పునికి చెక్కతో బొమ్మలు చేసి, చింతగింజల గుజ్జు పట్టించి, పైన రంగులేసి మెరుగుపెట్టే పని వాళ్ళది. వాళ్ళ నాయన గంజీఫా పత్తాలు రాసేవాడట. పత్తాలంటే మన పేకముక్కలు, కానీ గుండ్రంగా రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దవి, ఒక్కోదాని మీద ఒక్కో అవతారం, లక్క పూత. ఐదేళ్ళ వయసులో వాటి వెనకవైపు ఎర్రరంగు పూయడంతో ఆయన చదువు మొదలు. తర్వాత ఆ పత్తాలు ఆడేవాళ్ళు లేకపోయారు, బొమ్మలు కొనేవాళ్ళు తగ్గారు, ఏజెంటు ఒకడు వచ్చాడు. దుబాయ్‌లో దిగిన మర్నాడు చేతికి రోలరిచ్చి ఐదంతస్తుల గోడ చూపించారు.

ఆయన ప్రాణమంతా కుడిచేతిలోనే ఉండేది. ఆ చెయ్యి మీద ఎండ పడనిచ్చేవాడు కాదు, అందుకే ఆ గుడ్డ. బస్సులో ఎడమచేత్తో కమ్మీ పట్టుకునేవాడు. ఎవరికైనా నమస్కారం పెట్టాలంటే గుడ్డ విప్పి పెట్టి, మళ్ళీ చుట్టుకునేవాడు. మూడుసార్లు సబ్బు రుద్దినా థిన్నర్ వాసన పోదని అన్నం చెంచాతో తినేవాడు. అలా తినడం సిగ్గని గోడవైపు తిరిగి కూర్చునేవాడు. టీ గ్లాసు కింద తడి మరక కనిపిస్తే చాలు, చూపుడువేలు అందులో ముంచి బల్ల మీద చిలకో, లేడో గీసేవాడు. అది ఆరిపోయేదాకా చూసి లేచేవాడు. ఒకసారి క్యాంపు పిల్లి తోక కొస బోడిగా కనిపించింది. ఎవడి పనిరా ఇది అని అందరూ నవ్వుతుంటే, ఈయన తాపీగా, "ఉడుత దొరకలే, ఏం జెయ్యాలె," అన్నాడు. ఆ వెంట్రుకలతో కుంచె కట్టుకున్నాడు. దాంతో రాయడానికి రంగు మాత్రం లేదు. ఊరి నుంచి తెచ్చుకున్న బంగారు రంగు సీసా ఒకటి, బొటనవేలంత, పెట్టెలో బట్టల మధ్య ఉండేది. ఆకు పసరులతో నూనె కాచి వాళ్ళింట్లో చేసే రంగు అది. మూత తీసేవాడు కాదు.

శుక్రవారం మధ్యాహ్నాలు పదకొండో గదిలో రమ్మీ. ఓడినవాడు ఆ వారం గదికి నీళ్ళు మొయ్యాలి, అదీ పందెం. ఎవరికెన్ని ఆటలు వచ్చాయో సోడా మూతలు పెట్టి గుర్తు ఉంచుకునేవాళ్ళు. రంగులాయనదీ ఆ గదే గానీ ఆడేవాడు కాదు. పక్కన కూర్చుని ముక్కల మీది రాజుల ముఖాలు చూసి విసుక్కునేవాడు. "వీనికి కన్ను రాలే. అచ్చుల పోసిండ్రు. ఆడేటోడు జూడడు తమ్మీ, గని చెయ్యి జూస్తది." అప్పటికి నేను సారు నుంచి తమ్మీ అయ్యాను. క్యాంపులో నేను మనసారా ఇష్టపడిన మనిషి ఆయన ఒక్కడే. ఇది కూడా రాయక తప్పదు.

కంపెనీకి ట్యాంకుల పని వచ్చింది. బనియాస్ అనే ఊరి అవతల ఎడారిలో ఇనుప ట్యాంకులు. లోపలికి దిగి, తుప్పును మెషీనుతో గీకి, ఆ పైన స్ప్రే కొట్టాలి. మొదటి దఫా ఈయన్ని మూడు నెలలు పంపారు. తిరిగొచ్చాక స్టోర్ కిటికీ దగ్గర గుడ్డ విప్పి చెయ్యి చాపి చూపించాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి, వంటగదిలో మూత వణికినట్టు. "ఆ మిషిని ఆగినా ఇది ఆగుతలేదు తమ్మీ. ఇంకొక యాడాది ఆడ ఉంటే ఈ చెయ్యి నాది గాదు." కన్నీళ్ళు లేవు, మామూలుగా చెప్పాడు. రెండు వారాల సెలవు దొరికితే వణుకు తగ్గింది, కానీ రెండో దఫా లిస్టు తయారవుతోందని ఇద్దరికీ తెలుసు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. వెళ్ళిపోతానంటే వెళ్ళనిచ్చేవాళ్ళు లేరు.

సరిగ్గా అప్పుడే మా ఇంజనీరు గారి భార్య, ఇంగ్లీషు ఆవిడ, ఏవో కాగితాలు తీసుకుని వెళ్ళిన నన్ను ఆపి, సన్నపని తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది. జుమేరాలో వాళ్ళ ఇల్లు. నేను ఎగిరి గంతేసినంత పని చేసి, ఉన్నారు మేడమ్ అన్నాను.

ఆ శుక్రవారం పొద్దున ఇద్దరం వెళ్ళాం. ఆవిడ బల్ల మీద నల్లటి లక్క పెట్టె పెట్టింది. జపానుది. వాళ్ళ అమ్మమ్మ తండ్రి ఎప్పుడో ఓడలో వెళ్ళినవాడు యొకొహామా రేవులో కొన్నాడట. లోపల నాలుగు చిన్న తట్టలు, వాటిలో పేకాటలో పందెం లెక్కకు వాడే వేలెడు పొడవు చెక్క బిళ్ళలు, నల్ల లక్క మీద బంగారు గీతలు: కొంగలు, దేవదారు కొమ్మలు, అలలు. ఒక్కో ఆటగాడికి ఒక్కో తట్ట. వేరుగా రెండు దంతపు పలకలు. వాటి మీద ముత్యపుచిప్ప తునకలతో, పగడంతో పొదిగిన సీతాకోకచిలుక, పేడపురుగు, మిడత. పలక అంచు వెంబడి గోటితో పైకి లేపే చిన్న చిన్న నాలుకలు. పాయింట్లు వచ్చినప్పుడల్లా ఒక నాలుక లేపుతారు. ఆ పలకలు బెజీక్ అనే పేకాటకట, అది ఇద్దరే ఆడతారు. ఇస్పేటు రాణీ, డైమను జాకీ ఒకే చేతిలో పడితే నలభై. ఆవిడ చిన్నప్పుడు అమ్మమ్మతో రోజూ ఆడేదట. ఇప్పుడు పక్కింటావిడతో ఆడుతుంది.

నేను చెప్పినదంతా విని ఆయన, "ఇస్పేటు రాణి, డైమను గులాం. ఎవని ఇంటామె, ఎవని ఇంటోడు. మంచి జోడే కలిపిండ్రు," అన్నాడు. కుడిచేతి గుడ్డ విప్పి, చొక్కాకు తుడుచుకుని, ఒక బిళ్ళ తీసి వెలుతురుకు వంచి చూశాడు. నేనెన్నడూ చూడని ముఖం అది. "మా నాయిన అసోంటోడు ఇంకొకడున్నడు తమ్మీ, ఆ దేశంల," అన్నాడు.

అక్కడి పొడి గాలికి, ఏసీకి అతికించిన లక్క బిగిసి, పొదిగిన తునకలు ఊడి వస్తున్నాయి. సీతాకోకచిలుక రెక్క ఒకటి, మిడత కాళ్ళు రెండు ఊడి దూదిలో చుట్టి ఉన్నాయి. ఆవిడ నాతో స్పష్టంగా చెప్పింది. ఊడినవి అతికిస్తే చాలు, ఇంకేమీ ముట్టుకోవద్దు, దయచేసి ఇంకేమీ వద్దు అని. బాగా చేస్తే మా ఆయనతో చెబుతాను, వర్క్‌షాపులో షేక్ గారు అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్ తలుపుల మీద లతలు రాయడానికి మనిషి కోసం వెతుకుతున్నారు అని కూడా చెప్పింది. ఆ రెండో మాట చెప్పగానే ఆయన పెట్టెను రెండు చేతులతో కళ్ళకద్దుకున్నాడు.

క్యాంపులో పదకొండో గది అంతా చింతగింజలు ఉడికిన వాసన. నైఫ్ అనే బజారులో కొన్న చింతపండులోంచి ఏరిన గింజలు. మూడు వారాలు పని నుంచి వచ్చి, స్నానం చేసి, వెలుతురు ఉన్నంతసేపు కిటికీ దగ్గర కూర్చునేవాడు. మిడత కాలు అతికించేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు, చూస్తున్న గంగారాం వాళ్ళు కూడా బిగబట్టేవాళ్ళు. అన్నీ అతికాయి. ఎక్కడ ఊడిందో వెతికినా కనపడదు.

అప్పుడు ఒక బిళ్ళ తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. దాని మీద కొంగకు తల, మెడ లేవు. బంగారం అరిగిపోయి అక్కడ నల్లగా నున్నగా ఉంది. తక్కిన బిళ్ళల మీద కూడా అక్కడక్కడా వెలిసింది గానీ దీనికి మరీను.

"ఆమె ముట్టుకోవద్దన్నదంటివి. గిట్ల మొండెం కొంగను ఎట్ల ఇయ్యాలె? మా తాన అమ్మవారికి రంగు వెలిస్తే ఊరికే అరిష్టమంటరు, ఏటేట కొత్తగ రాస్తం. బాగుకొచ్చినదాన్ని దెబ్బ కనపడంగ వాపసు ఇస్తే, చేసినోని చెయ్యి దొంగది అంటరు. నువ్వు చెప్పు, ఏం జెయ్యాలె?"

నన్ను అడిగాడు. అది మరిచిపోకండి. నన్ను అడిగాడు.

నేనేమన్నానంటే, "పెద్దాయనా, దొరసాని కదా, మనకు శ్రమ అని మొహమాటానికి అలా అంది. చేసి చూపించండి. చూశాక వద్దంటుందా? వర్క్‌షాపు మీదే." విస్తరి ముందు కూర్చుని చాలు చాలు అన్నవాడికి ఇంకో రెండు గరిటెలు వడ్డించే జాతి మనది. వద్దన్న మాటకు వద్దనే అర్థం ఉంటుందని నాకు ఎవరు నేర్పారు గనక? నాకు ఇంగ్లీషు వచ్చు అనుకున్నాను. మాటలొచ్చు, అంతే.

ఆయన పెట్టెలోంచి సీసా తీశాడు. పిల్లి తోక కుంచెతో, ఊరి బంగారం ఆఖరి చుక్క దాకా గీకి, ఆ కొంగకు మెడ పోశాడు, ముక్కు పెట్టాడు, కన్ను దిద్దాడు. తక్కినవాటికీ వెలిసినచోటల్లా అద్దాడు. వణుకు లేదు, ఒక్క గీత తొణకలేదు. అయ్యాక గదిలోవాళ్ళందరూ వరసగా వచ్చి చూసి వెళ్ళారు. నేను చూసి, ఆవిడ పొంగిపోతుందని మళ్ళీ చెప్పాను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో జుమేరా వచ్చాడు. ఆవిడ మూత తీసి సీతాకోకచిలుకను చూసి ముచ్చటపడింది, మిడతను చూసి నవ్వింది. ఆ తర్వాత తట్టలోంచి కొంగ బిళ్ళ తీసింది. బొటనవేలు దాని మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ముఖం తెల్లబోయింది. మెల్లగా అంది నాతో, అక్కడ అరిగింది మా అమ్మమ్మ వేలు వల్ల, ఆవిడ ఆట గురించి ఆలోచిస్తూ ఎప్పుడూ ఈ ఒక్క బిళ్ళనే రుద్దేది, ఆవిడ గుర్తుగా నా దగ్గర మిగిలింది ఆ అరిగిన చోటొక్కటే అని. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. "ముట్టుకోవద్దని ఈయనకు చెప్పావా?" అని అడిగింది.

ఒక్క క్షణం నాకు నా కుర్చీ, ఫ్యాను, కిటికీ కనపడ్డాయి.

"చెప్పాను మేడమ్. ఆయనే వినలేదు."

పక్కనే నిలబడి ఉన్నాడు ఆయన, చేతులు కట్టుకుని. ఇంగ్లీషు ముక్క రాదు. ఆవిడ కన్నీళ్ళ వంక చూసి ఆయన కళ్ళు కూడా తడిశాయి. "ఏడుస్తున్నది. వాళ్ళ అవ్వ యాదికొచ్చిందా తమ్మీ?" అని నెమ్మదిగా అడిగాడు.

"అవును," అన్నాను.

"మంచిగుందన్నదా?"

"చాలా బాగుందంది. వర్క్‌షాపుకు కబురు పెడతానంది."

ఆవిడకు నమస్కారం పెట్టాడు. ఆవిడ, పాపం, మర్యాద గల మనిషి, తల ఊపింది. తిరుగు దారిలో నన్ను నైఫ్‌లో హోటలుకు లాక్కెళ్ళి టీ తాగించాడు. ఆ రోజు తడి వేలితో బల్ల మీద గీసింది కొంగే. ఇప్పుడు చెప్పేస్తే సరి, ఇప్పుడు చెప్పేస్తే సరి అనుకుంటూనే రెండో గ్లాసు కూడా తాగాను. ఛీ, ఏం మనిషిని.

తర్వాతి శుక్రవారం రమ్మీ వాళ్ళకు సోడా మూతలన్నీ తీసుకుని, "మీరు గూడ దొరలోలె ఆడుండ్రి," అని ఒక్కోదాని మీద కొంగను రాసి ఇచ్చాడు. కంపెనీ సున్నంతోనే. మొదటిసారి దాన్ని రంగు అన్నాడు. ఇంక వర్క్‌షాపుకు పోతున్నాను కదా, పోనీ అనుకున్నాడేమో.

పది రోజులకు ఇంజనీరు గారు ట్యాంకుల లిస్టు టైపు చెయ్యమని నాకిచ్చారు. పైనే రంగులాయన పేరు. నేను నసుగుతూ, ఈ మనిషిని వర్క్‌షాపుకు అనుకున్నారు కదా సార్ అన్నాను. "చెప్పింది వినని మనిషి వర్క్‌షాపులో పనికిరాడు. నువ్వే చెప్పావటగా, వినలేదని," అన్నారు. అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు. లిస్టు టైపు చేశాను. ఆయన పేరులో తప్పు రాకుండా జాగ్రత్తగా కొట్టాను.

లారీ ఎక్కేటప్పుడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "వర్క్‌షాప్ కాగితం ఎనకొస్తదా తమ్మీ?"

"వెనకొస్తుంది. మీరు వెళ్ళండి."

ఏడాదిన్నర తర్వాత స్టోర్ సామాను లెక్క చూడటానికి బనియాస్ వెళ్ళాను. నన్ను చూసి సంబరపడ్డాడు. చేతికి గుడ్డ లేదు. టీ వచ్చింది. అలవాటుగా వేలు తడిలో ముంచి బల్ల మీద పెట్టాడు. కొంగ మెడ పైకి లేవలేదు. గీత అటు పోయింది, ఇటు పోయింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని మళ్ళీ గీశాడు. ఆ తర్వాత అరచేత్తో మొత్తం తుడిచేసి, "ఖలాస్," అన్నాడు. టీ గ్లాసు నా వైపు జరిపి అడిగాడు.

"దొరసాని కబురు రాలేదా?"

ఇంజనీరు దంపతులు అప్పటికి ఆరు నెలల ముందే తమ దేశం వెళ్ళిపోయారు.

"సెలవు మీద వెళ్ళారు పెద్దాయనా. రాగానే."

"పాపం, మంచామె. యాది మరువదు," అన్నాడు.

ఆయన్ని చూడటం అదే ఆఖరు. కాంట్రాక్టు ముగిశాక నిర్మల్ వెళ్ళిపోయాడని తెలిసింది. నేను తర్వాత పదేళ్ళు ఆ కుర్చీలోనే ఉన్నాను. ఎవరూ నన్ను తియ్యలేదు. ఉత్తరం రాద్దామని ఎన్నిసార్లో కూర్చున్నాను. నిజం రాస్తే ఆయనకు మిగిలిన ఆ ఒక్క సంతోషమూ పోతుంది, రాయకపోతే నా పాపం పోదు. రెండిట్లో దేనికి వెనకాడానో నాకే తెలియదు. ఆయన మంచికే ఊరుకున్నాను అని చెప్పుకోవడం నాకు బాగా వచ్చు.

బెంచీ మీద గంగారాం చెప్పింది ఇది. ఊరికి వచ్చాక ఆయన కుంచె పట్టలేదు. చెయ్యి ఆఖరికి బువ్వ ముద్ద కూడా నోటికి తెచ్చేది కాదు, కోడలు తినిపించేది. వచ్చినవాళ్ళకల్లా మాత్రం ఒకటే కథ. "ఇంగ్లీసు దొరసాని నా పని జూసి కండ్లల్ల నీళ్ళు వెట్టుకున్నది, మా తమ్మి ఉన్నడు పక్కకు, అడుగుండ్రి," అనేవాడట. పోయే ముందు గంగారాం చూడబోతే, మనిషిని పోల్చుకుని చెయ్యి పట్టుకున్నాడట.

"మీరు ఎప్పుడన్న కలిస్తే ఒక మాట అడుగుమన్నడు సారు," అన్నాడు గంగారాం. "దొరసాని కబురు వచ్చిందా అని."

బండి వస్తోందని మైకులో చెబుతున్నారు. గంగారాం నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఆగాడు. అడిగిన మనిషి లేడు. ఇంక నాకు పోయే కుర్చీ లేదు, దాచుకోవలసింది లేదు.

"వచ్చింది," అన్నాను.